దీపావళి దాటితే తుపాను ఉండేది కాదా?

చలి మొదలయ్యే రోజుల్లో ఏటా ఒక మెసేజ్ మా నెల్లూరు, ఒంగోలు వైపు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. ఈసారి ఒక్క రోజులోనే మూడు చోట్ల చూశాను: బంధువుల గ్రూపులో, బడి స్నేహితుల గ్రూపులో, రొయ్యల రైతుల గ్రూపులో. దాని సారాంశం ఇది.

"మన చిన్నప్పుడు చలికాలమంటే చలికాలమే. దీపావళి దాటితే తుపాను మాటే ఉండేది కాదు. ఆ చలికి సముద్రం చల్లబడిపోయి తుపాన్లు పుట్టేవి కావు. ఇప్పుడు చలి పోయింది, నెలకో తుపాను వస్తోంది. శ్రీహరికోట రాకెట్లు ఆకాశాన్ని పాడు చేశాయి. చెన్నై దగ్గర దాటే తుపానుకు మనల్ని భయపెడతారు, చెప్పింది ఒక్కటీ జరగదు. మన పెద్దవాళ్లు ఏ జాగ్రత్తా లేకుండానే హాయిగా బతికారు."

దాని కింద "నిజం అన్నా" అని ఒకరు, దండం బొమ్మతో ఇంకొకరు. మా చిన్న మామయ్య కూడా మెచ్చుకున్నాడు. 1989లో మా ఊళ్లో మునిగిన ఇళ్లలో ఆయనదీ ఒకటి. అందుకే ఇది రాస్తున్నాను.

మొదట ఆ దీపావళి సంగతి. ఇది జ్ఞాపకం మీద వాదించాల్సిన విషయం కాదు, తేదీలున్నాయి. దివిసీమను ముంచిన ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. ఆ తుపాను తీరం దాటింది చీరాల దగ్గర, అప్పట్లో అది ప్రకాశం జిల్లాలోనిదే. 1984 నవంబరు 14న శ్రీహరికోట దగ్గర దాటిన తుపాను వందల మందిని పొట్టన పెట్టుకుంది. 1989 నవంబరు 8 అర్ధరాత్రి వేళ వచ్చింది కావలి తుపాను. మూడూ ఆ ఏటి దీపావళి వెళ్లాక వచ్చినవే. ఇంకా వెనక్కి వెళ్తే 1927 నవంబరు మొదట్లో నెల్లూరును కొట్టిన తుపాను ఉంది. డిసెంబరులో ఉండేవి కావంటారా? ధనుష్కోడిని, అక్కడికి వస్తున్న రైలుతో సహా సముద్రం మింగింది 1964 డిసెంబరు 22, 23 తేదీల్లో. అప్పటికి ధనుర్మాసం మొదలై వారం గడిచింది.

ఈ తేదీలు తెలియకపోయినా మన సామెత తెలిసుండాలి. చిత్త చిత్తగించి, స్వాతి చల్లజేసి, "విశాఖ విసరకుంటే" పంటకు ఢోకా లేదని చెప్పేవాళ్లు. విశాఖ కార్తె నవంబరు మొదటి వారం దాటాక మొదలై రెండు వారాలుంటుంది. 1984 తుపాను, 1989 తుపాను రెండూ ఆ కార్తెలోవే. విశాఖ విసురుతుందని మన తాతల తాతలకు తెలుసు. నెల్లూరు వైపు ఏడాదిలో పడే వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. మన చెరువులను నింపేదీ, మన ఇళ్లు కూల్చేదీ ఒకే కాలం.

కావలి తుపాను నాటికి నాకు తొమ్మిదేళ్లు. మా ఊరు కావలికి తూర్పున, సముద్రానికి నాలుగు మైళ్ల దూరం. మాది తాటాకు ఇల్లు. ఆ మధ్యాహ్నం నాయన రెండు మోకులు తెచ్చి కప్పు మీదుగా వేసి ఒక కొసను గుంజకు, ఇంకో కొసను రోలుకు కట్టాడు. అవ్వ బియ్యం కుండల మూతులకు గుడ్డలు బిగించింది. చీకటి పడేలోపు మమ్మల్నందరినీ ఎదురింటి మిద్దెలోకి పంపించాడు. ఆ ఇంట్లో ఇరవై మందిమి ఉన్నాం. తలుపు లోపలికి ఉబ్బుతూ ఉంటే అడ్డగడియకు తోడు రోకలి పెట్టి, నలుగురు మగవాళ్లు దానికి వీపులు ఆనించి కూర్చున్నారు. గాలి తోసినప్పుడల్లా నలుగురూ కలిసి ముందుకు జరగడం, మళ్లీ కాళ్లు తన్నిపెట్టి వెనక్కి ఒరగడం లాంతరు వెలుగులో చూస్తూ కూర్చున్నాను. ఎవరూ మాట్లాడలేదు.

తెల్లారి చూస్తే మా ఇంటికి కప్పు లేదు. రోలు మాత్రం పెట్టినచోటే ఉంది, దానికి మూరెడు తాడు వేలాడుతోంది. తాటిచెట్లకు మట్టలు లేక మొండాలు నిలబడ్డాయి. బావి నీళ్లు ఉప్పనైపోయాయి. కుండల్లో బియ్యం తడిసి మూడో రోజుకు పులిసిన వాసన వచ్చింది.

ఆ తర్వాతే చలి. తుపాను వెళ్లిపోయాక మబ్బు విడుతుంది, ఉత్తరపు గాలి తిరుగుతుంది, రాత్రిళ్లు ఆకాశం తేటగా ఉండి నేల త్వరగా చల్లబడుతుంది. మేము పదిహేను రోజులు కప్పులేని గోడల మధ్య, ఆరని బొంతల్లో పడుకున్నాం. నా చిన్నప్పటి గడగడలాడే చలి ఏదంటే ఆ నవంబరే. పాత చలి గుర్తుండి పాత తుపాను గుర్తు లేదనేవాళ్ల మాట నాకు మింగుడు పడదు. మా ఇంట్లో ఆ రెండూ ఒకే జ్ఞాపకం.

చలి తగ్గిందన్న మాట మాత్రం నేను కాదనను. 1901 నుంచి 2018 వరకు మన దేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ నివేదికలో ఉంది. అయితే అప్పటి బతుకు కూడా ఆ జ్ఞాపకంలో కలిసి ఉందని మరచిపోకూడదు. మట్టి గోడలు, వసారాలో నులక మంచం, ఇద్దరికి ఒక దుప్పటి, కోడి కూయకముందే బావి దగ్గర చన్నీళ్లు. ఇప్పుడు పగలంతా ఎండ తాగిన స్లాబు కింద తలుపులేసుకుని పడుకుంటున్నాం. పైగా నెల్లూరు సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. జనవరి రాత్రి కూడా ఇరవై డిగ్రీల దగ్గరే ఉంటుంది. నిజమైన చలి చూడాలంటే ఉదయగిరి కొండ వైపో, గిద్దలూరు వైపో వెళ్లాలి.

ఇక, చలికి సముద్రం చల్లబడి తుపాను పుట్టేది కాదన్న మాట. ధనుర్మాసంలో తెల్లవారుజామున చెరువులో చెయ్యి పెట్టినవాళ్లకు దీని జవాబు తెలుసు. గట్టు మీద ఒళ్లు వణుకుతుంటుంది, నీళ్లు వెచ్చగా ఉంటాయి, పైన ఆవిరి లేస్తుంటుంది. నేల చల్లబడినంత త్వరగా నీరు చల్లబడదు. చెరువే అలా ఉంటే బంగాళాఖాతం మాటేమిటి? తుపాను బలపడటానికి సముద్రం పైనీళ్లు ఇరవై ఆరున్నర డిగ్రీల పైన ఉండాలంటారు. నవంబరులోనూ, డిసెంబరులో చాలా రోజులూ మన దక్షిణ బంగాళాఖాతం అంతకంటే వెచ్చగానే ఉంటుంది. పుట్టే చోటు అండమాన్ దగ్గరో, ఇంకా దిగువనో. కావలిని కొట్టిన తుపానైతే థాయ్‌లాండ్ అవతలి సముద్రంలో పుట్టి, ఆ దేశాన్ని దాటి, బంగాళాఖాతం మొత్తం అడ్డంగా వచ్చింది. మన ఊళ్లో భోగి మంట ఎంత పెద్దదైతే దానికేం?

"నెలకో తుపాను" కూడా నిజం కాదు. పైన చెప్పిన కేంద్ర నివేదిక ప్రకారం 1951 నుంచి లెక్క చూస్తే మన వైపు సముద్రాల్లో తుపాన్ల మొత్తం సంఖ్య తగ్గింది. పెరిగింది వాటిలో బాగా బలపడేవి, అదీ 2000 తర్వాత, వానాకాలం వెళ్లాక వచ్చే రోజుల్లో. మెసేజ్ రాసినవారికి ఎక్కువైనట్టు అనిపించడానికి ఇంకో కారణం ఉందనుకుంటాను. మన సముద్రంలో పుట్టే తుపాన్లకు పేర్లు పెట్టడం 2004లో మొదలైంది. అంతకు ముందువాటిని "ఆ కావలి తుపాను", "ఆ దివిసీమ ఉప్పెన" అని ఊరి పేరుతో చెప్పుకున్నాం. ఎవరి ఊరు పోతే వాళ్లకే అది గుర్తు. ఇప్పుడు నివర్, మాండూస్, మిచాంగ్ అని పేరు పెట్టి మూడు రోజులు టీవీలో చూపిస్తారు, అందరికీ గుర్తుంటాయి.

రాకెట్ల మాట ఒక్క వాక్యంలో తేలిపోతుంది. శ్రీహరికోట నుంచి మొదటి రాకెట్ ఎగిరింది 1971లో, నెల్లూరును తుపాను కొట్టింది 1927లో.

అన్నిటికంటే ప్రమాదమైన మాట "చెన్నై దగ్గర దాటేదానికి మనకెందుకు భయం" అన్నది. మన వైపు సముద్రంలో తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. తూర్పు నుంచి వచ్చి తీరం దాటేటప్పుడు, దాటే చోటికి ఉత్తరాన ఉన్నవాళ్ల మీదికి గాలి సముద్రం నుంచి నేరుగా వస్తుంది. నీళ్లనూ మబ్బునూ తోసుకొచ్చేది ఆ వైపే. 1977లో తుపాను దాటింది చీరాల దగ్గరైతే ఉప్పెన మింగింది దానికి ఉత్తరాన ఉన్న దివిసీమను. చెన్నైకి ఉత్తరాన ఉన్నది ఎవరు? మనమే. 2020 నవంబరులో నివర్ పుదుచ్చేరి దగ్గర దాటింది, ఇక్కడ పొలాలు మునిగాయి.

2021 నవంబరులో వచ్చింది తుపాను కూడా కాదు, వాయుగుండం. గంటకు 62 కిలోమీటర్ల గాలి ఉంటేనే దాన్ని తుపాను అంటారు. "ఒట్టి వాయుగుండమే కదా" అని మేమూ అనుకున్నాం. అది పైన కడప, చిత్తూరు వైపు కురిసింది. నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. సోమశిల జలాశయం నుంచి పెన్నా పొంగి వచ్చింది. కోవూరు దగ్గర జాతీయ రహదారి కోసుకుపోయింది, పడుగుపాడు దగ్గర పట్టాల కింద కంకర కొట్టుకుపోయింది. నేను ఆ రోజు నెల్లూరులో ఉన్నాను, ఇల్లు పెన్నాకు అవతలి వైపు. వాన తగ్గి ఎండ పొడ కూడా కనిపిస్తుండగా బస్టాండులో ఇటు బస్సులు లేవు పొమ్మన్నారు. తుపాను అన్న పేరు రాలేదు కాబట్టి ఇంట్లో మంచినీళ్లు పట్టి పెట్టలేదు, అమ్మ బీపీ మాత్రలు అయిపోయి రెండు రోజులైంది. ఆ టెన్షన్ నేను మరచిపోలేదు.

చెప్పింది ఒక్కటీ జరగదంటారు. 2023లో మిచాంగ్ డిసెంబరు 5న నెల్లూరు, మచిలీపట్నం మధ్య, బాపట్లకు దగ్గరగా దాటుతుందని ముందే చెప్పారు. ఆ రోజు, ఆ చోటే దాటింది. దాటేముందు మన తీరం వెంబడే పైకి పాకింది, అందుకే మనకు అంత వాన.

చివరిది, పెద్దవాళ్లు ఏ జాగ్రత్తా తీసుకోలేదన్న మాట. ఇది వాళ్లకు చేసే అన్యాయం. ఇంటి అరుగు నడుమెత్తు ఎందుకు కట్టారు? గాదెను నేలకు ఆనకుండా రాళ్ల మీద ఎందుకు నిలబెట్టారు? విశాఖ రాకముందే కప్పు ఎందుకు నేయించేవాళ్లు? మా నాయన రోలుకు మోకు కట్టడం ఎక్కడ నేర్చుకున్నాడు? చేతనైనంత చేశారు. చేతకానిది కబురు ముందుగా అందకపోవడం. 1977లో చనిపోయినవాళ్లు పదివేల మంది దాకా. 1990 మే నెలలో మచిలీపట్నం వైపు అంత బలమైన తుపానే వచ్చినప్పుడు ఆరు లక్షల మందికి పైగా ముందే తరలించారు, మరణాలు వెయ్యి లోపు. అదీ చాలా ఎక్కువే. కానీ ఆ తేడా జాగ్రత్త వల్లనే వచ్చింది.

కాబట్టి ఈ కార్తెలో చేయాల్సినవి చేద్దాం. రొయ్యల గుంటలున్నవాళ్లు జనరేటర్ ఒకసారి నడిపి చూసి డీజిల్ తెచ్చి పెట్టుకోండి. కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే తెల్లారేసరికి సరుకు తేలిపోతుంది. పొగాకు వేసినవాళ్లు ఇప్పుడే మురుగు కాల్వలు తీయండి, మొక్క మొదట్లో నీళ్లు నిలిస్తే మళ్లీ నాటాల్సిందే. వారానికి సరిపడా మందులు, రెండు డ్రమ్ముల మంచినీళ్లు, ఆధార్, పాస్‌బుక్కులు ఒక ప్లాస్టిక్ సంచిలో. అవసరమైతే 112, 1070 నంబర్లున్నాయి. గాలి ఉన్నట్టుండి ఆగితే బయటికి రాకండి, అది తుపాను కన్ను కావచ్చు. కాసేపటికి గాలి అవతలి వైపు నుంచి మొదలవుతుంది.

ఇంకొకటి, మీ ఊరి తుపాను షెల్టరు తాళం ఎవరి దగ్గరుందో ఈరోజే కనుక్కోండి. మిచాంగ్ రాత్రి మా ఊళ్లో తాళం ఉన్న మనిషి పెళ్లికని వేరే ఊరు వెళ్లాడు. ముసలివాళ్లు, చంటిపిల్లలు వానలో గంటన్నర నిలబడ్డాక తలుపు పగలగొట్టాల్సి వచ్చింది. లోపల సగం గది సిమెంటు బస్తాలు. ఇప్పుడు బస్తాలు తీయించాం, మూడు తాళం చెవులు చేయించాం. ఒకటి పంచాయతీలో, ఒకటి రేషన్ షాపులో ఉంది. మూడోది మామయ్యా, నీకే ఇద్దామనుకుంటున్నాం. షెల్టరు పక్క ఇల్లు నీదే.