పిల్లల బుక్ గ్రూపులో పిల్లల్నే మాట్లాడనిద్దాం

పిల్లల చేత తెలుగు చదివించాలి, ఏం పుస్తకాలు పంపమంటారు అని అమెరికా నుంచి అడిగేవాళ్ళు నాకు చాలామంది. వైజాగ్ వచ్చినప్పుడు పెట్టెల్లో సర్దుకుని పట్టుకెళ్తారు కూడా, తీరా అక్కడికెళ్ళాక అవి షెల్ఫులోనే ఉండిపోతాయి, ఎందుకంటే పుస్తకం ఉంది గానీ దాని గురించి మాట్లాడుకోడానికి ఆ వయసు పిల్లలు ఇంకొకరు లేరు. నాకు తెలిసి అసలు కొరత అదే.

ఇంకో సంగతి, ఇక్కడి పిల్లలు తెలుగు గడగడా చదివేస్తారని అమెరికాలో ఉన్న మీరు అనుకుంటారు. ఎంవీపీ కాలనీలోనో మద్దిలపాలెంలోనో ఇంగ్లీష్ మీడియం ఆరో క్లాసు పిల్లాడి చేతికి ఓ తెలుగు కథ ఇచ్చి చూడండి, ఒత్తుల దగ్గర ఆగి ఆగి చదువుతాడు. మాట బానే వచ్చు, చదవడమే నెమ్మది. అందుకే వీడినీ మీ పిల్లనీ ఒకే గ్రూపులో కూర్చోబెడితే ఎవరూ ఎవరి ముందూ సిగ్గుపడరు.

మా అపార్ట్‌మెంట్ పిల్లలూ, డాలస్‌లో ఉన్న మా చుట్టాల పిల్లలూ శనివారాలు ఫోన్‌లో గ్రూపుగా కలిసి ఇలాగే చదువుతున్నారు. ఇక్కడ రాత్రి ఏడున్నర అంటే అక్కడ ఎండాకాలం పొద్దున్న తొమ్మిది, చలికాలం ఎనిమిది. కథలు పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తీసుకుంటాం, 2015 నుంచి నడుస్తోంది, ఫ్రీ, తెలుగు కథలు బోలెడు, పైగా నాలుగు లెవెల్స్‌గా ఉంటాయి కాబట్టి పదేళ్ళ పిల్లయినా మొదటి లెవెల్ నుంచి మొదలెట్టొచ్చు. క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కాబట్టి ప్రింట్ తీసుకున్నా, గట్టిగా చదివి వాయిస్ మెసేజ్ పెట్టినా పేచీ లేదు, రాసినవాళ్ళ పేరూ బొమ్మలేసినవాళ్ళ పేరూ చెప్తే చాలు.

ఒకసారి మాటల్లో తాటిముంజలు వచ్చాయి, డాలస్ పాపకి అవేంటో తెలీదు. మా కింద ఫ్లాట్ పిల్లాడు మర్నాడు బండి దగ్గరకెళ్ళి ముంజలు కోస్తుంటే వీడియో తీసి పెట్టాడు, రుచి ఎలా ఉంటుందని ఆ పాప అడిగితే చెప్పలేక తంటాలు పడ్డాడు. "నాకూ కావాలి" అని ఆ పాప తెలుగులో టైప్ చేసింది. ఎవరూ రాయమనలేదు. ఏ టీచరూ అది రాయించలేడండీ!

ఫోన్ ఎందుకు, లైబ్రరీకి పంపొచ్చుగా అంటారు కొందరు. ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీ అంటే నాకూ ఇష్టమే, కానీ గాజువాక నుంచి పదేళ్ళ పిల్లాడు ఒక్కడే ఎలా వస్తాడు, డాలస్ పిల్ల అసలెలా వస్తుంది? 1930ల్లో గ్రంథాలయోద్యమంలో పనిచేసిన పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి తిప్పారు, చదివేవాళ్ళు ఉన్నచోటికే పుస్తకం వెళ్ళాలని. ఇప్పుడు ఆ కాలువ ఇంటర్నెట్టే.

లెక్కలు మాత్రం వద్దు. గుడ్‌రీడ్స్ అని, చదివిన పుస్తకాలు రాసిపెట్టుకునే సైట్‌లో ఏడాదికిన్ని పుస్తకాలు అని ఛాలెంజ్ ఉంటుంది, పెద్దవాళ్ళకి బావుంటుందేమో, పిల్లల గ్రూపులో ఎవరు ఎన్ని చదివారని మొదలెడితే అందరూ పల్చటి పుస్తకాలు వెతుక్కుంటారు, తర్వాత అమ్మానాన్నలు పోటీ పడతారు. బోర్ కొట్టింది అనే హక్కు కూడా వాళ్ళకి ఉండాలి, ఎందుకు కొట్టిందో చెప్పమంటే అప్పుడే బాగా మాట్లాడతారు. పైగా గుడ్‌రీడ్స్‌కి పదమూడేళ్ళు నిండాలి, కాబట్టి చిన్నపిల్లలకి వయసు అబద్ధం చెప్పి అకౌంట్ తెరవకండి. తెలిసినవాళ్ళ పిల్లలతో చిన్న గ్రూపు పెట్టి, పెద్దవాళ్ళ ఫోన్ వాడి, ఇంటిపేరు, స్కూలు పేరు, ఫోటోలు పెట్టకుండా నడపండి. అటో పెద్దమనిషి, ఇటో పెద్దమనిషి వింటూ ఉంటే చాలు, మైక్ మ్యూట్‌లో పెట్టుకుని.

మీ ఊళ్ళో తెలుగు క్లాసు ఉంటే ఆ టీచర్‌ని కదపండి. అటు నలుగురు పిల్లలు వస్తామంటే, ఇటు వైజాగ్‌లో నలుగుర్ని కూర్చోబెట్టే పూచీ నాది.