అందరికీ వచ్చే సీటట!

నిన్న న్యూజెర్సీ ఎడిసన్‌లో తెలిసినవాళ్లింట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్లాం. వచ్చినప్పటి నుంచి మనసు మనసులో లేదు. రాత్రి సరిగ్గా నిద్ర కూడా పట్టలేదు.

భోజనాల దగ్గర మా పెద్దమ్మాయికి రట్గర్స్ యూనివర్సిటీలో సీటొచ్చిందని మా ఆయన సంతోషంగా చెప్పారు. పక్కనే ఉన్న ఒక అన్నయ్యగారు పిల్ల వైపు తిరిగి, "యాక్సెప్టెన్స్ రేట్ ఎంతమ్మా దానిది?" అన్నారు. కంగ్రాట్స్ లేదు, ఏం లేదు, మొదటి మాటే అది. "అరవై శాతం పైనే ఉంటుంది అంకుల్" అంది. "ఓ, అయితే అందరికీ వచ్చేదే" అనేసి ఆయన పులిహోర పెట్టించుకోవడానికి లేచారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. మా పిల్ల కారెక్కేదాకా నోరు విప్పలేదు. ఇంటికొచ్చి బట్టలు మార్చుకుంటూ "అమ్మా, నేను సరిగ్గా చదవలేదా?" అని అడిగింది. పదిహేడేళ్ల పిల్ల నోట ఆ మాట వచ్చిందంటే ఏ తల్లికి కడుపు మండదు?

అన్నయ్యగారూ, ఇది మీరు చదువుతారని తెలిసే రాస్తున్నాను. వందమంది అప్లై చేస్తే ఎంతమందికి సీటిచ్చారన్నదే ఆ రేటు. గేటు బయట ఎంతమంది నిలబడ్డారో తెలుస్తుంది అంతే. లోపల పాఠం ఎలా ఉంటుందో అందులో ఎక్కడుంది?

హార్వర్డ్‌నే తీసుకోండి. 2020లో చేరినవాళ్ల బ్యాచ్‌కి సుమారు 40 వేల అప్లికేషన్లు వచ్చాయి. కోవిడ్ వల్ల కాలేజీ ప్రవేశాలకి చూసే శాట్ పరీక్ష స్కోరు తప్పనిసరి కాదన్నారు, ఆ మరుసటి ఏడాది 57 వేలు దాటాయి. సీటిచ్చింది రెండుసార్లూ రెండు వేలలోపే. ఐదు దగ్గరున్న శాతం మూడున్నర కిందకి దిగింది. ఆ ఒక్క ఏడాదిలో అక్కడి లెక్చరర్లు మారారా, ల్యాబులు మారాయా? ఏదీ మారలేదు. మన వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం "ఈసారి ఇంకా టఫ్ అయింది" అని పూనకాలు వచ్చాయి.

పైగా ఆ అప్లికేషన్లు వాటంతట అవి రావు. పిల్లలు శాట్‌కి ముందు రాసే పీఎస్ఏటీ రాసి పేరిచ్చిన దగ్గర్నుంచి ఇంటికి కవర్లు, మెయిళ్లు. "నీలాంటి విద్యార్థి కోసమే చూస్తున్నాం" అని. మా ఇంట్లో ఒక అట్టపెట్టె నిండింది. పిలిచి, ఫీజు కట్టించుకుని, తొంభై ఆరు మందిని వెనక్కి పంపి, ఆ నాలుగు శాతాన్ని గొప్పగా చూపించుకునే చోట్లున్నాయి. ఆ తొంభై ఆరు మందీ ఎవరి పిల్లలు? మన పిల్లలే కదా.

చికాగో యూనివర్సిటీ 1990ల మొదట్లో అప్లై చేసినవాళ్లలో సగానికి పైగా పిల్లలకి సీటిచ్చేది. ఇప్పుడు వందలో ఐదుగురికి. మన ఖగోళ శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ 1937 నుంచి అక్కడే పనిచేశారు, 1983లో నోబెల్ వచ్చినప్పుడూ అక్కడే ఉన్నారు. మీ లెక్క ప్రకారం ఆయన ఉన్న రోజుల్లో అది అందరికీ వచ్చే కాలేజీయే కదా.

కాలేజీల ర్యాంకులంటారా? 2022లో కొలంబియాలో గణితం చెప్పే మైకేల్ థాడియస్ అనే ప్రొఫెసరు ర్యాంకు కోసం తన యూనివర్సిటీ ఇచ్చిన అంకెలే సరిగ్గా లేవని లెక్కలేసి బయటపెట్టారు. రెండో ర్యాంకులో ఉన్నది ఆ ఏడాదే పద్దెనిమిదికి పడిపోయింది. రెండో ర్యాంకని నమ్మి చేరిన పిల్లలకి ఎవరు జవాబు చెప్పారు?

ఇక సీట్లు ఎలా ఇస్తున్నారని హార్వర్డ్ మీద నడిచిన కేసులో బయటపడ్డ సంగతి తలుచుకుంటే ఇంకా మంట. అమ్మానాన్నలు అక్కడ చదివుంటే ఆ పిల్లల్లో మూడోవంతు మందికి సీటొచ్చింది. మిగతావాళ్లలో వందకి ఆరుగురికి. మన ఆసియా పిల్లలకి చదువులో మంచి మార్కులు వేసి, వ్యక్తిత్వం దగ్గర తక్కువ వేశారని అదే కేసులో తేలింది. 2023 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు సీట్లివ్వడానికి జాతిని చూడొద్దంది. వారసుల సంగతి అలాగే ఉండిపోయింది. ఆ గుమ్మం ముందు నిలబడి మన పిల్లల విలువ కొలుస్తున్నారు అన్నయ్యగారూ మీరు.

సత్య నాదెళ్ల గారి ఫొటో గ్రూపులో పెట్టేది మీరే. ఆయన ఎంఎస్ చేసింది విస్కాన్సిన్ యూనివర్సిటీ మిల్వాకీ క్యాంపస్‌లో. అడోబీ కంపెనీని నడిపించిన శంతను నారాయణ్ గారు ఉస్మానియా నుంచి ఒహాయోలోని బౌలింగ్ గ్రీన్‌కి వెళ్లారు. వాళ్లని కూడా రేటెంతని అడుగుతారా?

అసలు నాకింత కోపం నిన్నటిది కాదు. 1997లో విజయవాడలో బైపీసీ హాస్టల్లో ఉన్నాను. కాలేజీ పేరు అనవసరం. ప్రతి ఆదివారం రాత్రి మెస్ గోడ మీద మార్కుల లిస్టు అంటించేవాళ్లు. దాన్నిబట్టి సెక్షను, సెక్షన్నిబట్టి రూము. నా పక్క మంచం పిల్ల ఒక వారం జ్వరంతో పరీక్ష సరిగ్గా రాయలేదు. అన్నం సగంలో వదిలేసి ట్రంకుపెట్టె మోసుకుంటూ కింది అంతస్తుకి వెళ్లిపోయింది. కప్ప గుండె బొమ్మ ఆ పిల్లలా వేసేవాళ్లు మా బ్యాచ్‌లోనే లేరు. నాతో మళ్లీ మాట్లాడలేదు, సిగ్గుపడి. నేను కూడా కిందికి వెళ్లి పలకరించలేదు. పై సెక్షన్ వాళ్లు కింది సెక్షన్ వాళ్లతో తిరిగితే వార్డెన్ ఊరుకునేది కాదు. ఆ గోడని అక్కడే వదిలేసి వచ్చామనుకున్నాను. సముద్రాలు దాటించి తెచ్చి ఎడిసన్‌లో వ్రతం పీట పక్కన పెట్టారు.

రట్గర్స్ 1766లో పుట్టింది, అమెరికా దేశం కంటే పదేళ్లు పెద్దది. 1943లో అక్కడ సెల్మన్ వాక్స్‌మన్ ల్యాబులో ఆల్బర్ట్ షాట్జ్ అనే విద్యార్థి మట్టిలోని సూక్ష్మజీవి నుంచి స్ట్రెప్టోమైసిన్ తీశాడు. టీబీని లొంగదీసిన మొదటి మందు అది. మా అమ్మమ్మ మంగళగిరి శానిటోరియంలో ఆ ఇంజెక్షన్లతోనే బతికి బయటికొచ్చింది. ఆ తర్వాతే మా అమ్మ పుట్టింది. మా పిల్లకి ఈ కథ చిన్నప్పటి నుంచి తెలుసు. మైక్రోబయాలజీ చదువుతాను, అక్కడే చదువుతాను అని తొమ్మిదో క్లాసులోనే చెప్పింది. సీటొచ్చిన రోజు మొదటి ఫోను తెనాలిలో ఉన్న మా అమ్మకే చేసింది.

వచ్చే శనివారం గృహప్రవేశంలో మళ్లీ కలుస్తాం అన్నయ్యగారూ. ఈసారి మా పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని "ఏం చదవబోతున్నావమ్మా?" అని అడగండి. మట్టి గురించి పది నిమిషాలు ఆపకుండా చెబుతుంది.