ఇంజిన్ కంట్రోల్ పాఠానికి కావలసింది ఓ పొటెన్షియోమీటర్

చెక్ లైట్ వెలిగిన కారు షెడ్డుకొస్తుంది. స్కానర్ పెడితే పీ0171 అని కోడ్ చూపిస్తుంది. మిశ్రమంలో గాలి ఎక్కువైంది, పెట్రోలు చాలట్లేదని అర్థం. ఆక్సిజన్ సెన్సర్ మారుస్తారు, బిల్లు వేలల్లోకి పోతుంది. వారం తిరక్కుండా లైటు మళ్లీ వెలుగుతుంది. ఇంజిన్‌లోకి గాలి వెళ్లే ఇన్‌టేక్ మానిఫోల్డ్ దగ్గర రబ్బరు గొట్టం చీలి, అక్కణ్నుంచి దొంగగాలి దూరుతోంది. సెన్సర్ ఆ సంగతే చెప్పింది. చెప్పినందుకు దాన్నే పీకి పక్కన పడేశారు.

ఇందులో మెకానిక్‌ని తిట్టుకుని లాభం లేదు. అతనికి మనం ఏం పెట్టి నేర్పించామో చూడాలి. 2020 ఏప్రిల్ 1న పొగ కాలుష్యాన్ని కట్టడి చేసే బీఎస్-6 ప్రమాణాలు వచ్చాక కొత్త పెట్రోలు బైకులు కూడా చాలావరకు కార్బొరేటర్ వదిలేసి ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారాయి. అంతకుముందు ఎక్కువగా కార్ల షెడ్డు దాకానే ఉన్న ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) గొడవ ఇప్పుడు ఊరి సెంటర్లో చెట్టుకింద బైకులు బాగుచేసే కుర్రాడి దాకా వచ్చింది.

ఐటీఐల్లో మెకానిక్ మోటార్ వెహికల్ రెండేళ్ల ట్రేడు. చెన్నైలోని నిమి సంస్థ వేసే ట్రేడ్ థియరీ, ట్రేడ్ ప్రాక్టికల్ పుస్తకాలున్నాయి. భారత్ స్కిల్స్ పోర్టల్లో ప్రశ్నల బ్యాంకులున్నాయి. కాబట్టి చదువుకోవడానికి సరుకు లేదనలేం. దానితో పాటు గోడకు సెన్సర్ల చార్టు, మూల లోపలి భాగాలు కనబడేలా కోసి ఎర్రరంగు పూసిన కట్ సెక్షన్ ఇంజిన్ పెడితే ల్యాబ్ అయిపోయిందనుకుంటే మాత్రం చిక్కే. కట్ సెక్షన్ ఎప్పటికీ స్టార్ట్ కాదు. స్టార్ట్ కాని ఇంజిన్ మీద ఇంజిన్ కంట్రోల్ నేర్పడం, నీళ్లు లేని కాలవలో ఈత నేర్పడమే. థియరీ పరీక్ష ఎటూ కంప్యూటర్ మీద నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునేదే కనుక, ఆ లోటు మార్కుల్లో కనబడదు.

నన్నడిగితే మొదటి పరికరం ఓ పొటెన్షియోమీటర్, అంటే నాబ్ తిప్పితే రెసిస్టెన్స్ మారే చిన్న భాగం. ఎలక్ట్రానిక్స్ కొట్లో యాభై రూపాయలకు మించదు. కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ రెసిస్టెన్స్, వేడెక్కితే తక్కువ చూపిస్తుంది. చాలా బండ్లలో 20 డిగ్రీల దగ్గర రెండు, రెండున్నర కిలో ఓములు. 80 డిగ్రీలకు సుమారు 300 ఓములు. సెన్సర్ కనెక్టర్ విప్పి, ఆ రెండు తీగల మధ్య పొటెన్షియోమీటర్ పెట్టి, వేడెక్కిన ఇంజిన్ మీద నాబ్‌ని రెండున్నర కిలో ఓముల వైపు తిప్పండి. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందని ఈసీయూ నమ్ముతుంది, పెట్రోలు పెంచుతుంది. ఐడిల్ పెరగడం చెవికి తెలుస్తుంది, సైలెన్సర్ దగ్గర వాసన ముక్కుకు తెలుస్తుంది. కనెక్టర్ ఊరికే వదిలేస్తే తీగలో వోల్టేజి 5 దగ్గరకు పోతుంది, పీ0118 వస్తుంది, చాలా కార్లలో ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది. రెండు తీగలూ కలిపేస్తే వోల్టేజి సున్నాకి పడి పీ0117. వర్క్‌షాప్ కాల్క్యులేషన్ పీరియడ్‌లో మార్కుల కోసం బట్టీపట్టిన ఓమ్ సూత్రం ఇక్కడ ఫ్యాన్ చప్పుడై వినిపిస్తుంది. కోడ్ వచ్చిందంటే సెన్సర్ పోయినట్టేనన్న భ్రమ కూడా ఇక్కడే వదులుతుంది. సెన్సర్ బల్ల మీద నిక్షేపంగా ఉంది, కోడ్ మాత్రం వచ్చింది మరి!

ఇందుకు కారు కూడా అక్కర్లేదు. సింగిల్ సిలిండర్ బీఎస్-6 సెకండ్ హ్యాండ్ స్కూటర్ ఒకటి చాలు. కూలెంట్ లేని బండైతే ఇంజిన్ వేడి కొలిచే సెన్సర్ మీద ఇదే పని చేయొచ్చు. సెన్సర్లు తక్కువ, వైరింగ్ అంతా కంటికి ఆనుతుంది, పాడైనా పెద్ద నష్టం లేదు. పిల్లలకు తలా ఓ మల్టీమీటర్ ఇచ్చి, స్కానర్‌ని మొదటి నెల బీరువాలో పెట్టి తాళం వేయాలంటాను. ఇన్‌స్ట్రక్టర్లకు ఈ మాట నచ్చకపోవచ్చు. తనిఖీకి వచ్చినవాళ్లకు చూపించడానికి బాగుండేది స్కానరే.

అసలు కొరత వైరింగ్ డయాగ్రాములది. ఏ తీగ ఏ పిన్నుకు పోతుందో తెలియకపోతే మల్టీమీటర్ ఉన్నా చేతులు కట్టేసినట్టే. అమెరికాలో మసాచుసెట్స్ ఓటర్లు 2012లోనే బయటి గ్యారేజీలకూ ఈ సమాచారం ఇవ్వాలని తీర్పు చెప్పారు. మన కేంద్రం 2022 డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ (కొన్న వస్తువును బాగుచేయించుకునే హక్కు) పోర్టల్ తెచ్చింది, అందులో వాహన రంగమూ ఉంది. కొనుక్కున్న వినియోగదారుడి వైపు నుంచే ఆ చర్చంతా సాగుతోంది. ఐటీఐ తరగతి గది దానిలో లేదు. ప్రతి కంపెనీ కనీసం ఒక పాత మోడల్ డయాగ్రాములైనా శిక్షణ సంస్థలకు వదలాలని ప్రభుత్వం అడగొచ్చు, దానికి పెద్ద ఖర్చేమీ లేదు.

తెలుగులో పాఠాలంటే ప్రాణవాయు సంవేదకం అని రాయాల్సిన పని లేదు. షెడ్డులో ఎర్త్, పికప్, మిస్సింగ్ అనే అంటారు, అవే రాస్తే సరి. వాక్యం తెలుగుదైతే చాలు.

ఎలక్ట్రిక్ బండ్లు వస్తుంటే ఇంకా ఇదెందుకని అడిగేవాళ్లున్నారు. తెలంగాణలో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనికి 2024 జూన్‌లో మల్లేపల్లిలో శంకుస్థాపన చేసినప్పుడూ అందరి నోటా రోబోలూ, ఎలక్ట్రిక్ వాహనాలే. మంచిదే. కానీ బ్యాటరీ ప్యాక్ వేడి కొలిచేదీ కూలెంట్ సెన్సర్‌లాగే వేడిని బట్టి రెసిస్టెన్స్ మారే థర్మిస్టరే. యాక్సిలరేటర్ పెడల్ నుంచి కంట్రోలర్‌కు వెళ్లేదీ వోల్టేజి కబురే. ఎర్త్ దగ్గర తుప్పు పడితే అక్కడా రీడింగులు తారుమారవుతాయి, ఒక్కోసారి ఏ కోడూ రాదు. ప్రతి ల్యాబ్‌లో లోపాల రిజిస్టరు ఒకటుండాలి: ఏ రోజు ఏ తీగ ఊడదీశాం, బండి ఏం చేసింది, ఏ కోడ్ వచ్చింది. కోడ్ రాని లోపాలకు అందులో ఎక్కువ పేజీలు వదిలిపెట్టాలి.