రావొద్దనే దీపం, రమ్మనే చట్టం

అమెరికాలో ఈరీ సరస్సు ఒడ్డున బఫెలో అనే ఊరుంది. ఆ ఊరి రేవులో 1833లో కట్టిన ఎనిమిది పలకల రాతి లైట్‌హౌస్ ఇప్పటికీ నిలబడి ఉంది. 1914లో దానికి పదవీ విరమణ ఇచ్చేశారు. ఎనభై ఏళ్ళు వెలిగింది, నూరేళ్ళ పైబడి ఊరికే నిలబడింది. మన దగ్గర ఏ శాఖలో చూసినా ఈ లెక్క తిరగబడి ఉంటుంది గనక, నెల్లూరు వాడిగా దాని చరిత్రని కొంచెం అనుమానంతోనే చదివాను.

అనుమానం నిజమైంది. వాళ్ళకి పాలన తెలీదు. ముందు ఈరీ కాలువ తవ్వారు, 1825లో తెరిచారు. కాలువ వచ్చింది కాబట్టి సరుకు వచ్చింది. సరుకు వచ్చింది కాబట్టి 1818 నాటి పాత దీపం చాల్లేదు. అది చాల్లేదు కాబట్టి కొత్తది కట్టారు. తర్వాత అలలకి అడ్డంగా ఇంకా లోపలికి గోడలు కట్టి వాటి మీద దీపాలు పెట్టుకున్నారు కాబట్టి దీన్ని ఆర్పేశారు. ప్రతిదానికీ ఒక 'కాబట్టి'. ఇంత కాబట్టిలతో పరిపాలన చేస్తే ఇక శంకుస్థాపనలకి తీరికెక్కడిది?

మన సంగతికి వద్దాం. పులికాట్ సరస్సు ఉత్తరపు కొసన, సముద్రం ఒడ్డున దుగరాజపట్నం. మద్రాసు పుట్టకముందే ఇది ఇంగ్లీషువాళ్ళ రేవు. పులికాట్‌లో డచ్చివాళ్ళు కోట కట్టుకుని కాలు పెట్టనివ్వకపోతే, ఈస్టిండియా కంపెనీ 1626 ప్రాంతంలో ఇక్కడ దిగింది. సాయం చేసిన ఆర్ముగ మొదలియార్ పేరే వాళ్ళ నోట్లో ఈ రేవుకి ఆర్మగాన్ అయిందంటారు. 1628 నాటికి 12 ఫిరంగులు, 23 మంది మనుషులు. అంతా బాగానే ఉంది గానీ, ఇక్కడి అధికారి ఫ్రాన్సిస్ డేకి ఇది నచ్చలేదు. 1639లో దక్షిణాన ఇంకో ఇసుకదిబ్బ మాట్లాడుకుని, మరుసటి ఏడాదికి మూటాముల్లె సర్దేశాడు. ఆ ఇసుకదిబ్బే ఇప్పటి చెన్నై. మన జిల్లా నుంచి చెన్నైకి వలసపోయిన వాళ్ళలో మొదటివాడు ఆయనేనని చరిత్రకారులు గుర్తించాలి.

పోయినవాడు పోగా పేరు మిగిలింది. సముద్రంలో ఇసుకమేటకి ఆర్మగాన్ పేరు, ఆ మేట మీద ఓడలు ఎక్కకుండా పెట్టిన లైట్‌హౌస్‌కీ ఆర్మగాన్ పేరు. ఇక్కడ ఒక సాంకేతిక విషయం గమనించాలి. బఫెలో దీపం 'ఇదిగో రేవు, రండి' అని చెప్పేది. మన దీపం 'ఇక్కడ మేట ఉంది, ఎడంగా పోండి' అని చెబుతుంది. ఓడల వాళ్ళు బుద్ధిగా విని ఎడంగానే పోతున్నారు.

సరిగ్గా అక్కడే పార్లమెంటు రేవు పెట్టమంది. 2014 ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం, పదమూడో షెడ్యూలు చూడండి. దుగరాజపట్నంలో కేంద్రం కొత్త మేజర్ పోర్టు కట్టాలి, మొదటి దశ 2018 చివరికి పూర్తి కావాలి. దీపం రావొద్దంటుంది, చట్టం రమ్మంటుంది. పాపం ఓడ ఎవరి మాట వినాలి?

బఫెలో లాంటి దీపస్తంభాల్లో ఫ్రెనెల్ అద్దం అని ఒకటి వాడేవాళ్ళు. గాజు పట్టకాల్ని వలయాలు వలయాలుగా పేర్చి, ఒక్క నూనె ఒత్తి వెలుగుని పక్కలకి చెదరనీకుండా పోగుచేసి, మైళ్ళ దూరం పంపిస్తుంది. మనం కనిపెట్టిన యంత్రం అంతకంటే గొప్పది. ఒక్క ప్రకటనని తీసుకుని, ఏ ఒక్క చోటా నిలవకుండా చుట్టుపక్కల మండలాలన్నిటికీ చెదరగొడుతుంది. ఆ వెలుతుర్లో ప్లాట్లు కనపడతాయి. రాళ్ళు పాతుకుంటాయి. పోర్టు మాత్రం కనపడదు, వెలుగు కళ్ళలో పడుతుంది గదా.

తర్వాత నీతి ఆయోగ్ వారు దుగరాజపట్నం గిట్టుబాటు కాదన్నారు. అటు కృష్ణపట్నం, ఇటు చెన్నై రేవులు, పక్కనే శ్రీహరికోట. ఇవన్నీ 2014లో వేరే చోట ఉండేవి కాబోలు. ఇంకో చోటు చూసుకోమంటే రామాయపట్నం తేలింది. దానికి 2019 జనవరిలో ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు, 2022 జూలైలో ఇంకో ముఖ్యమంత్రి చేశారు. మొదటిసారి ఊరు ప్రకాశం జిల్లాలో ఉంది, రెండోసారికి నెల్లూరు జిల్లాలో ఉంది. ఏ జిల్లాకీ అన్యాయం జరగలేదు. దుగరాజపట్నం కూడా అదే 2022లో తిరుపతి జిల్లాకి పోయింది. ఓడ కదల్లేదు గానీ రేవే కదిలింది. ఇప్పుడక్కడ ఓడలు తయారుచేసే కేంద్రం పెడతామంటున్నారు. సబబే. బయటి ఓడలు రానప్పుడు మనమే చేసుకోవాలి.

ఇంత జరుగుతుంటే సరస్సు మీద బతికేవాళ్ళకి చిన్న చిన్న కోరికలు. ఎండాకాలంలో సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు మీద పొయ్యి చూడండి, రెండు పక్కలా నీళ్ళుండాల్సిన చోట ఉప్పు పేరుకుని నెర్రెలిచ్చిన నేల. తెడ్డు వెయ్యాల్సిన చోట మనుషులు నడుచుకుంటూ పోతారు. సముద్రపు నీళ్ళు లోపలికి రావాలంటే రాయదొరువు దగ్గర ముఖద్వారంలో పూడిక తియ్యాలి. నీళ్ళొస్తే చేపా రొయ్యా వస్తాయి, పూడిక తియ్యండి సామీ అని అడుగుతూనే ఉన్నారు. ఇందులో ఓ 'కాబట్టి' కనిపిస్తోంది చూశారా? అందుకే ఆ ఫైలు కదలదు.

విమర్శలు అందరూ చేస్తారు, పరిష్కారం చెప్పడం నా బాధ్యత. బఫెలో వాళ్ళు కట్టి, వాడి, ఆపి, తర్వాత కాపాడుకున్నారు. ఇందులో మొదటి మూడు దశలూ వృథా ఖర్చు. మనం దుగరాజపట్నం పోర్టుకి నేరుగా పదవీ విరమణ ప్రకటించి, వారసత్వ కట్టడంగా గుర్తిద్దాం. కట్టడం లేదన్న అభ్యంతరం రావచ్చు. రామాయపట్నంలో రెండుసార్లు వేశాం గదా, ఒక శిలాఫలకం ఇటు సర్దితే సరిపోతుంది. టిక్కెట్టు పెట్టొచ్చు. పులికాట్ దగ్గర జరిగే ఫ్లెమింగో పక్షుల పండక్కి వచ్చిన జనాన్ని అట్నించి అటే బస్సుల్లో తీసుకొచ్చి, గైడు చేత 'ఇక్కడే ఓడలు ఆగి ఉండేవి' అని చెప్పించొచ్చు. 1640కి ముందు సంగతి కాబట్టి అబద్ధం కూడా కాదు.

ఇక చట్టం మాట. ఉల్లంఘన అనే పాడు మాట పడకుండా పదమూడో షెడ్యూల్లో ఒక్క సవరణ చాలు. '2018 చివరికి' అన్న చోట '18 చివరికి' అని ఉంచి, శతాబ్దం సంగతి తర్వాత నోటిఫై చేస్తామంటే పోద్ది.