ముందు కౌన్సెలింగ్, తర్వాతే టెస్టు

అమ్మానాన్నల్లో ఒకరికి అల్జీమర్స్ ఉంటే పిల్లలంతా జీన్ టెస్టు చేయించుకోవాలని ఒక వ్యాసంలో చదివాను. ఆ సలహాతో నేను ఏకీభవించను. ఏపీఓఈ4 అనే జీన్ రకం ఉన్నంత మాత్రాన జబ్బు వచ్చి తీరుతుందని కాదు, లేనంత మాత్రాన రాదనీ కాదు. ముప్పు పెరుగుతుంది, అంతే. పీఎస్ఈఎన్1 అనే మరో జీన్‌లో వచ్చే మార్పు సంగతి వేరు. అది చాలా అరుదు. కానీ తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం 50 శాతం, జబ్బు సాధారణంగా 65 ఏళ్లలోపే మొదలవుతుంది. అలాంటి కుటుంబాలకు టెస్టు అవసరమే, అదీ జెనెటిక్ కౌన్సెలర్‌తో మాట్లాడాకే. తన జీనోమ్ (జీన్ల సమాచారం) మొత్తం బయటపెట్టిన డీఎన్ఏ శాస్త్రవేత్త జేమ్స్ వాట్సన్ కూడా ఏపీఓఈ ఫలితం ఒక్కటి తనకు చెప్పొద్దన్నారు.

మా అమ్మ స్టవ్ మీద పాలు పెట్టి, మాడు వాసన వచ్చినా పట్టించుకోవడం లేదు. అది చూసి అల్జీమర్సేమోనని చెల్లికి టెన్షన్, వెంటనే టెస్టుకు వెళ్తానంటోంది. ముందు తనకు ఈ ముప్పును పెంచే బీపీ, షుగర్, వినికిడి సమస్యలు ఉన్నాయేమో చూపించుకోమన్నాను.