మాస్ స్పెక్ట్రోమీటర్ వారి దివ్యసముఖానికి

అయ్యా,

గాలి కూడా సోకని శూన్యంలో కొలువు తీరి, అణువుల బరువు తూచే తమకు నమస్కారాలు. విద్యుదావేశం ఎక్కిన అణువులకు, అంటే అయాన్లకు తప్ప అన్యులకు ప్రవేశం లేదు కనుక ఉత్తరం రాస్తున్నాం. తమ ఘనత తెలియక కాదు. ప్రోటీన్లను చిన్నాభిన్నం చేయకుండా అయాన్లుగా మార్చే ఉపాయాలకే కదా 2002లో ఫెన్, తనాకాలకు నోబెల్ వచ్చింది!

రొమ్ము క్యాన్సర్ కణాల మీద చక్కెరలు వేషం మారుస్తాయి. ఆ కణాల పైపొరలో ఉండే మ్యూక్1 (MUC1) ప్రోటీన్‌పై చక్కెర గొలుసులు కురచవుతాయి. ఆ వేషమేమిటో చూపమని వస్తే, తమ కొలువులో జరిగిన మొదటి పని చక్కెరను పీకేయడం! పీఎన్‌జీఏస్ ఎఫ్ ఎంజైముతో ఎన్-గ్లైకాన్లను (ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లానికి అంటుకునే చక్కెర గొలుసులను) కత్తిరించి, ఆస్పరజిన్ బరువు 0.984 డాల్టన్లు (అణువుల బరువు కొలిచే ప్రమాణం) పెరిగింది కాబట్టి ఇక్కడ చక్కెర ఉండేదని తేల్చారు. చెవికి కన్నం చూపించి, కమ్మ ఉండేదని చెప్పినట్టుంది. పైగా ఆ మార్పు ఏ ఎంజైమూ లేకుండా దానంతటదే జరగగలదు. మ్యూక్1 మీద ఎక్కువగా ఉండే మరో రకం గొలుసులను, ఓ-గ్లైకాన్లను, ఈ ఎంజైము ముట్టనైనా ముట్టదు.

పోనీ, చక్కెరతోనే పంపితే? వాయువుతో ఢీకొట్టించగానే చక్కెర బంధాలు ముందుగా తెగుతాయి. తమరు గీసే రేఖాపటంలో 204.087 దగ్గర, తెగిన చక్కెర ముక్కకు గుర్తుగా ఒక శిఖరం లేస్తుంది. చక్కెర ఉందని రుజువైంది, సంతోషం. ఏ అమైనో ఆమ్లానికి అంటుకుందో మాత్రం అడగకూడదు.

ఇక తమ తూకం. గ్లూకోజ్, గాలక్టోజ్, మానోజ్ ఏది గొలుసులో చేరినా 162.053 డాల్టన్లే. మూడింటికీ కలిపి 'హెక్సోజ్' అని ఒకే పేరు. దశాంశం తరువాత అన్ని అంకెలు ఎందుకయ్యా? రెండు ఫ్యూకోజ్‌లకూ ఒక సియాలిక్ ఆమ్లానికీ (రెండూ గొలుసులో చేరే చక్కెరలే) బరువులో తేడా సుమారు ఒక్క డాల్టన్. బరువైన పరమాణువుల వల్ల పక్కనే లేచే ఐసోటోపు శిఖరాన్ని సాఫ్ట్‌వేర్ కాస్త తప్పుగా చదివిందా, ఒకటి మరొకటైపోతుంది. క్యాన్సర్‌లో మేం వెతికేది ముఖ్యంగా ఈ రెండింటినే!

రక్తం తెచ్చినవారికి మరో మర్యాద: ప్లాస్మా ప్రోటీన్‌లో సగం ఆల్బుమినే. దాన్ని పక్కకు తప్పిస్తే తప్ప మిగతావారికి దర్శనం దొరకదు.

ఇంతలో తమ పేరు చెప్పుకుని కొత్త బయోమార్కర్ (వ్యాధిని పట్టిచ్చే గుర్తు) దొరికిందని శీర్షికలు. ఆసుపత్రిలో మాత్రం యాంటీబాడీలతో చేసే పాత సీఏ 15-3 రక్తపరీక్షనే అడుగుతున్నారు. అది కొలిచేదీ మ్యూక్1 ముక్కనే. వ్యాధి ముదిరినవారి చికిత్స ఎలా సాగుతోందో గమనించడానికే తప్ప, తొలిదశలో పసిగట్టడానికి పనికిరాదు.

అందుకే మనవి: నివేదికలో 'హెక్సోజ్' అని అచ్చువేసిన ప్రతిచోటా, ఏ హెక్సోజో తమకు తెలియదని కూడా రాయించండి.

ఇట్లు,
ఒక మైక్రోలీటరు నమూనాతో వరుసలో నిలబడిన విధేయుడు