తాత మూసిన సొరుగు

మా సిమెంటు, ఇనుము దుకాణానికి బ్యాకప్ (పద్దులకు నకలు తీసి వేరే చోట దాచుకోవడం) అనే మాటను మోసుకొచ్చింది షావుకారు గారి మేనల్లుడు. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. సెలవులకు వచ్చినవాడు మేనమామ ఇంట్లో గారెలు తిని హాయిగా పడుకోవచ్చు కదా, పడుకోలేదు. దుకాణం వెనక గదిలోని లినక్స్ కంప్యూటర్ ముందు కూర్చుని నల్ల తెర మీద తెల్ల అక్షరాలు కొట్టేవాడు. మౌసు ముట్టుకోవడం అతనికి నామోషీ.

చేసిన ఏర్పాటు మాత్రం ముచ్చటగా ఉంది. రాత్రి పది కాగానే క్రాన్ అనే కనిపించని గుమాస్తా నిద్రలేస్తాడు. పద్దుల ఫైళ్లన్నిటినీ ఎంకేఐఎస్‌ఓఎఫ్‌ఎస్ అనే ప్రోగ్రాము ఒక్క మూటగా కడుతుంది. డ్రైవులో ఉన్న రీరైటబుల్ సీడీని సీడీరికార్డ్ అనే ఇంకో ప్రోగ్రాము తుడిచి, ఆ మూటను దాని మీదికి ఎక్కిస్తుంది. ఒక్కో సీడీ 700 ఎంబీ పడుతుందనీ, సుమారు 1000 సార్లు తుడిచి రాసుకోవచ్చనీ విని షావుకారు గారు ఉలిక్కిపడ్డారు. "అలాంటి సిమెంటు ఎవరూ కనిపెట్టకపోవడం మన అదృష్టం" అన్నారు.

(సీడీరికార్డ్ రాసినది యోర్గ్ షిల్లింగ్ అనే జర్మన్. 2006లో లైసెన్సు దగ్గర పేచీ వచ్చి, డెబియన్ అనే లినక్స్ రకాన్ని తయారుచేసేవాళ్లు వోడిమ్ పేరుతో వేరు కాపురం పెట్టారు. మా కథ అంతకు ముందే జరిగింది కాబట్టి ఆ తగాదాలో మాకు పాత్ర లేదు.)

సీడీరికార్డ్‌కు మర్యాద ఎక్కువ. రాయబోయే ముందు, వద్దనుకునేవారికి ఇదే చివరి అవకాశమంటూ తొమ్మిది నుంచి కిందికి లెక్కపెడుతుంది. రాత్రి పది దాటాక ఖాళీ దుకాణంలో ఆ అవకాశం ఎవరికి ఇచ్చేదో!

సీడీలు ఆరు. స్కెచ్ పెన్నుతో సోమ, మంగళ, బుధ అంటూ శని దాకా పేర్లు రాశాడు. షావుకారు గారు కుంకుమ భరిణ తీసేసరికి, బొట్లు డబ్బాలకే పెట్టమని బతిమాలి మెరిసే వైపును కాపాడుకున్నాడు. రాయడం పూర్తికాగానే డ్రైవు తనంతట తానే తెరుచుకుంటుంది. పొద్దున వచ్చినవాళ్లు అది తెరిచి ఉండటం చూసి, నిన్నటి సీడీ తీసి ఇవాళ్టిది పెట్టాలి. ఇంతకన్నా తేలికైన పని ఉంటుందా? ఇంత చెప్పి అతను కాలేజీకి వెళ్లిపోయాడు.

అతని లెక్కలో లేనివాడు ఒకడున్నాడు: రాత్రి దుకాణంలోనే పడుకునే కాపలా తాత. మొదటి రాత్రే చీకట్లో పచ్చదీపం మినుకుమినుకుమంటూ, గిర్రుమని చప్పుడై, కంప్యూటర్ నుంచి సొరుగు బయటికొచ్చింది. లోపల అద్దంలా మెరిసే బిళ్ల. తాత టార్చి వేసి చూశాడు, అటూ ఇటూ చూశాడు, చూపుడువేలితో నెమ్మదిగా లోపలికి నెట్టాడు. పనివాళ్ల నిర్లక్ష్యం గురించి నాలుగు మాటలు గొణుక్కుని పడుకున్నాడు. ఆ తరువాత ప్రతి రాత్రీ అదే సేవ.

పొద్దున పెద్ద గుమాస్తా గారు వచ్చేసరికి డ్రైవు మూసి ఉండేది. చిన్న గుమాస్తా మార్చేశాడనుకునేవారు. చిన్న గుమాస్తా వచ్చి, పెద్దాయన మార్చేశారనుకునేవాడు. క్రాన్ మటుకు ప్రతి రాత్రీ ఎక్కడా తప్పు జరగలేదని ఉత్తరం రాసి రూట్ అనే ఆయన పెట్టెలో వేసేది. మా దుకాణంలో రూట్ అనే మనిషి లేడు.

ఇలా సాగుతుండగా ఒక మంగళవారం పెద్ద గుమాస్తా గారికి బాకీల పట్టికను అకారాది క్రమంలో పెట్టాలనిపించింది. పేర్ల వరుస ఒక్కటే ఎంచుకుని మీట నొక్కారు. పక్క వరుసలను కూడా కలపాలా అని కంప్యూటర్ అడిగింది. పక్కవాళ్లను కదిలించడం ఎందుకని ఆయన వద్దన్నారు. పేర్లన్నీ బుద్ధిగా వరుసలో నిలబడ్డాయి. అంకెలు ఉన్నచోటే ఉండిపోయాయి. బుధవారం ఆ పట్టికలోంచే నోటీసులు అచ్చువేసి పోస్టులో వేశారు.

శుక్రవారం, మరుగుదొడ్డికి రెండు బస్తాలు అరువు పెట్టిన తాపీ మేస్త్రి నోటీసు పట్టుకుని భార్యతో సహా వచ్చాడు. "4,80,000 రూపాయలా? నేను ప్రాజెక్టు కట్టానా బాబూ?" అన్నాడు. అప్పుడు తెరిచారు పట్టిక.

కబురు అందుకుని శనివారం పొద్దున్నే మేనల్లుడు దిగాడు. "సోమవారం సీడీ చాలు మామయ్యా, మంగళవారం ముందటి పట్టిక అందులో ఉంటుంది" అని ధీమాగా అన్నాడు. సోమ డ్రైవులోనే ఉంది. దాని మీద నిన్న రాత్రి రాసిన పట్టిక ఉంది, చెడిపోయిన పట్టిక, అక్షరం పొల్లుపోకుండా. మిగతా అయిదు సీడీల డబ్బాల మీద బొట్లున్నాయి, సీడీల్లో మాత్రం ఏమీ లేదు.

"త్వరగా తుడవమని చెప్పాను కాబట్టి ముందున్న విషయసూచిక ఒక్కటే పోతుంది, కింద ఉన్న సరుకు పోదు" అన్నాడు. షావుకారు గారి ముఖం వెలిగింది. "కానీ నాలుగు రాత్రులుగా సరిగ్గా ఆ చోటే మళ్లీ మళ్లీ రాసింది." ఆరిపోయింది.

తాతను పిలిచి అడిగారు. "దుకాణంలో సొరుగు తెరిచి వదిలేస్తారా బాబూ? నేను కాబట్టి సరిపోయింది" అన్నాడు. ఆయన జీతం పెంచాలో, తిట్టాలో తేలక షావుకారు గారు టీ తెప్పించారు.

మేము పాత బిల్లు పుస్తకాలు అటక మీంచి దింపి, కార్బన్ కాపీలు చూస్తూ పేరూ అంకే కలపడం మొదలుపెట్టాం. ఆ దుమ్ములో ఉండగానే వీధిలో కారు ఆగింది. ఏళ్ల తరబడి ఫోను ఎత్తని కాంట్రాక్టరు చిరునవ్వుతో లోపలికి వచ్చి, తన నోటీసును బల్ల మీద పరిచాడు. బాకీ 340 రూపాయలు. మూడు వందలూ, ఒక యాభై దాని మీద పెట్టాడు.

"లెక్క పూర్తయినట్టు రసీదు రాసివ్వండి షావుకారు గారూ. ఆ పది మీరే ఉంచుకోండి."